‘తిన్నా నాన్నా’ అంటే సరిపోదు: పిల్లల్లో తిండి జబ్బును గుర్తుపట్టడం ఎలా?

జుబైల్: డ్యూటీ దిగి క్యాంపుకు రాగానే ఇంటికి ఫోన్ చేస్తాం. పిల్లలను అడిగే మొదటి మాట ‘తిన్నావా?’ అటునుంచి ‘తిన్నా నాన్నా’ అంటారు. మన మనసు కుదుటపడుతుంది.

మా క్యాంపులో ఒక అన్న కూడా రెండేళ్లు ఇలాగే అనుకున్నాడు. సెలవు మీద ఇంటికి పోయేసరికి పద్నాలుగేళ్ల బిడ్డ చేతులు పుల్లల్లా ఉన్నాయి. వీడియో కాల్‌లో ముఖం తప్ప ఏమీ కనిపించేది కాదు కదా! తోటి పిల్లలు ‘లావు’ అన్నారని అన్నం తగ్గించింది. నాలుగు నెలలుగా నెలసరి కూడా ఆగింది. ఇంట్లో మొండిది అని తిట్టారు, దిష్టి తీశారు. ఆస్పత్రికి మాత్రం తీసుకుపోలేదు. పేరు లేకుండా రాయమని ఆ అన్నే చెప్పాడు.

ఇది మొండితనం కాదు, జబ్బు. డాక్టర్లు ఈటింగ్ డిజార్డర్ అంటారు. మగపిల్లలకూ వస్తుంది. బక్కగా కనిపించని పిల్లలకూ ఉండొచ్చు. తల్లి సరిగ్గా పెంచలేదని నింద వేయకండి.

ఎన్ని రకాలు?

అనోరెక్సియాలో లావైపోతామన్న భయంతో తిండి మానేస్తారు. ఎంత బక్కచిక్కినా లావుగానే ఉన్నామనుకుంటారు. బులీమియాలో ఒక్కసారే చాలా తిని, తర్వాత వాంతి చేసుకోవడమో, విరేచనాల మందులు మింగడమో, పస్తులుండడమో చేస్తారు. బరువు మామూలుగా ఉండొచ్చు కాబట్టి ఇది తొందరగా బయటపడదు. అర్ఫిడ్ అనే రకంలో లావు భయం ఉండదు. వాసన పడకో, గొంతులో అడ్డుపడుతుందన్న భయంతోనో రెండు మూడు పదార్థాలు తప్ప ఏమీ ముట్టరు. ఇక బలపాలు, మట్టి, సుద్ద తినడం. ఇది నెలకు మించి సాగితే పికా అంటారు. ఇలాంటి పిల్లల్లో చాలాసార్లు రక్తహీనత ఉంటుంది. కొట్టే ముందు రక్తపరీక్ష చేయించండి.

ఇంట్లో ఏం గమనించాలి?

- అందరితో కలిసి తినకుండా ‘ముందే తిన్నా’ అని తప్పించుకోవడం
- తినగానే బాత్రూంలోకి పోయి చాలాసేపు ఉండడం
- మాటిమాటికీ బరువు చూసుకోవడం, ఎండాకాలంలోనూ వదులు బట్టలు వేసుకోవడం
- జుట్టు రాలడం, ఎప్పుడూ చలి అనడం, నెలసరి ఆగడం
- బరువు తగ్గడం. ఎదిగే పిల్లలు నెలల తరబడి బరువు పెరగకపోయినా అనుమానించాల్సిందే.

కళ్లు తిరిగి పడిపోయినా, నీళ్లు కూడా తాగకపోయినా, గుండె దడ వచ్చినా, చచ్చిపోతానన్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చాలా రోజులు తినని పిల్లలకు ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం ప్రాణం మీదికి తేవచ్చు. ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఎక్కడికి పోవాలి?

మొదట దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికి. బరువు, ఎత్తు, బీపీ, రక్తం చూస్తారు. ఆ తర్వాత మానసిక వైద్యులకు పంపితే ‘మా పిల్ల పిచ్చిది కాదు’ అని ఆగిపోకండి. హైదరాబాద్‌లో పిల్లలకు నిలోఫర్, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ ఆస్పత్రి ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాయలసీమ వాళ్లకు బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా ఉంది. ఎటు పోవాలో తోచకపోతే ఇంట్లో వాళ్లతో 14416కు ఫోన్ చేయించండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

కుటుంబంతో ఇక్కడే ఉన్నవాళ్లు సౌదీ ఆరోగ్య శాఖ నంబరు 937కు చేయొచ్చు. పిల్లల ఇన్సూరెన్స్‌లో మానసిక వైద్యం ఎంతవరకు వస్తుందో ముందే అడిగి పెట్టుకోండి.

ఇంత దూరం నుంచి మనమేం చేయగలం?

ఇక్కడ సాయంత్రం ఆరున్నర అంటే మన ఊళ్లో రాత్రి తొమ్మిది. షిఫ్టు కుదిరిన రోజు ఆ టైముకే ఫోన్ పెట్టి, మీ ప్లేటు ముందు మీరూ, వాళ్ల కంచం ముందు వాళ్లూ కూర్చోండి. ఎంత తిన్నావని లెక్క అడగకండి. బడి గురించి, స్నేహితుల గురించి మాట్లాడండి. ‘బక్కగున్నావ్, లావెక్కినవ్’ అనే మాటలు, వేళాకోళానికైనా సరే, మానేయండి. ఈ జబ్బు వైద్యంలో పిల్లల భోజనం బాధ్యతను కొన్నాళ్లు ఇంటివాళ్లకే అప్పగించే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో తయారుచేశారు. అంటే మందులతో పాటు పక్కన కూర్చునే మనిషి కూడా కావాలి.

ఇంటికి పోవాల్సి వస్తే మీ హక్కు తెలుసుకోండి. సౌదీ కార్మిక చట్టం ఆర్టికల్ 109 ప్రకారం ఏడాదికి కనీసం 21 రోజుల జీతంతో కూడిన సెలవు మీది. ఒకే యజమాని దగ్గర వరుసగా ఐదేళ్లు నిండితే 30 రోజులు. అది చాలకపోతే యజమాని ఒప్పుకుంటే ఆర్టికల్ 116 కింద జీతం లేని సెలవు తీసుకోవచ్చు. ఆస్పత్రి కాగితాలు జత చేసి రాతపూర్వకంగా అడగండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఆ అన్న మళ్లీ జుబైల్ వచ్చాడు. బిడ్డకు వైద్యం ఇంకా నడుస్తోంది. ఒక వారం బరువు పెరుగుతుంది, ఇంకో వారం పెరగదు. ఆరున్నరకు మాత్రం అతని ఫోను గ్లాసుకు ఆనించి ఉంటుంది. ఆ టైములో మేమెవరం పిలవం.

మీరు కూడా ఈ రాత్రి ఇంటికి చేసినప్పుడు ‘తిన్నావా’తో పాటు ఇంకో మాట అడగండి: పిల్లల బరువు చివరిసారి ఎప్పుడు చూశారు?