ఏ యాహారము ఎంత కాలమునకు జీర్ణమగును?

మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు పిల్లల చదువును గూర్చి ఎంత అడుగుదురో, వారి దేహబలమును గూర్చియు అంత అడుగుదురు. "అయ్యా, మా వాడు బక్కచిక్కియున్నాడు. రోజునకొక పచ్చి గ్రుడ్డు త్రాగించుచున్నాము. అది తేలికగా అరుగును గదా!" అని యొక తల్లి యనును. "పప్పు అరుగదు, వాయువు చేయునని మానిపించితిమి" అని యొక తండ్రి చెప్పును. ఇక పై తరగతుల బాలురు కొందఱు అంగడిలో నమ్ము మాంసకృత్తుల పొడి డబ్బా కొనిపెట్టుమని ఇంటివద్ద పట్టుబట్టుచున్నారు. అది తక్కినవాటికంటె శీఘ్రముగా జీర్ణమగునని వారి వాదము. కూలి చేసి బిడ్డను చదివించుకొను తండ్రికి ఆ డబ్బా వెల సామాన్యము కాదు. ఈ మూడు మాటలకును మూలమొక్కటే: త్వరగా అరుగునదే మంచి యాహారమను నమ్మకము. ఈ నమ్మకమెంతవరకు నిజమో విచారింతము.

మాంసకృత్తులను పేరును బట్టి అవి మాంసమునందే యుండునని తలంపరాదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, పప్పులు, వేరుసెనగలు వీనియందు అవి విశేషముగా నున్నవి. బియ్యము, జొన్నలు, గోధుమలయందును కొంత కలవు. మన కండలు, చర్మము, వెండ్రుకలు, అన్నము నరిగించు రసములు సైతము వీనివలననే యేర్పడును. మాంసకృత్తు పూసలదండ వంటిది. అందలి పూసలకు అమైనో ఆమ్లములని పేరు. ఇవి ఇరువది రకములు. వీనిలో తొమ్మిదింటిని దేహము తాను చేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను. దండ దండగానే రక్తములోనికి పోజాలదు. దానిని పూసలుగా విడదీయుటయే జీర్ణక్రియ.

నోట నమలిన ముద్ద అన్నకోశమునకు చేరగానే అచ్చట హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, పెప్సిన్ అను రసమును దండను తుంపులు చేయ మొదలిడును. ఆ తుంపులు కొంచెము కొంచెముగా చిన్న ప్రేవులలోనికి దిగును. అచ్చట క్లోమమునుండి వచ్చు ట్రిప్సిన్ మొదలగునవి వానిని ఇంకను చిన్నవి చేయగా, ప్రేవుల గోడల ద్వారా పూసలు రక్తమును చేరును. కావున "ఎంత కాలము?" అను ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నవి. ఆహారము అన్నకోశమును ఎప్పుడు విడుచును? దాని సారము రక్తమును ఎప్పుడు చేరును? అందులో ఎంత భాగము చేరును? ఈ మూడింటిని వేఱువేఱుగా చూడకపోవుటచేతనే భ్రమలు కలుగుచున్నవి.

మొదటి ప్రశ్నకు సమాధానము ఒక నిరుపేద బాధవలన లోకమునకు తెలిసినది. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీని ఉత్తర అమెరికాలో హ్యూరన్ సరస్సునందలి మాకినాక్ ద్వీపమున, బొచ్చుతోళ్ళ వర్తకుల అంగడిలో, తుపాకి పొరపాటున పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని ప్రక్కలో తగిలెను. అతడు కెనడా దేశపు ఫ్రెంచివాడు. తోళ్ళ వర్తకులవద్ద కూలి. విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడతనికి చికిత్స చేసెను. ప్రాణము దక్కెను గాని, గాయము పూర్తిగా పూడక అన్నకోశములోనికి ఒక రంధ్రము నిలిచిపోయెను. 1825వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీని వైద్యుడు మాంసము, రొట్టె, క్యాబేజి ముక్కలను పట్టుదారమునకు గట్టి ఆ రంధ్రముద్వారా లోపల విడిచి, గంటగంటకు పైకి లాగి చూచెను. ఇట్టి పరీక్షలు పెక్కు సంవత్సరములు సాగినవి. 1833లో బోమాంట్ వానినన్నిటిని గ్రంథముగా ప్రకటించెను.

ఆతని పట్టికలో ఉడికిన అన్నమునకు 1 గంట, ఉడికించిన ట్రౌట్ చేపకు 1½ గంటలు, కాచిన పాలకు 2 గంటలు, పచ్చి గ్రుడ్డునకు 2 గంటలు, మెత్తగా ఉడికించిన గ్రుడ్డునకు 3 గంటలు, గట్టిగా ఉడికించినదానికి 3½ గంటలు, కాల్చిన గొఱ్ఱెమాంసమునకు 3¼ గంటలు, ఉడికించిన కోడిమాంసమునకు 4 గంటలు, కాల్చిన పందిమాంసమునకు 5¼ గంటలు కనబడును. ఇవి ఒక్క మనుష్యుని యందు చూచిన కాలములు. మనిషిని బట్టి, తిన్న పరిమాణమును బట్టి మాఱును. ఐనను క్రొవ్వు హెచ్చిన యాహారము అన్నకోశమున ఎక్కువసేపు నిలుచుననుట నేటికిని నిజము.

పై లెక్కలో పచ్చి గ్రుడ్డు ఉడికినదానికంటె ముందు దిగినది. దీనినిబట్టి పచ్చిదే మేలని తోచును. కాని 1998లో బెల్జియం దేశపు లూవెన్ నగర వైద్యులు తక్కిన ప్రశ్నను శోధించిరి. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులు నూటికి సుమారు 91 పాళ్ళు చిన్న ప్రేవులలో జీర్ణమైనవి. పచ్చి గ్రుడ్డులోనివి సుమారు 51 పాళ్ళు మాత్రమే. వేడిమి తగిలినప్పుడు ముడుచుకొనియున్న దండ విచ్చుకొనును. అప్పుడు రసములు దానిని సులభముగా త్రుంపగలవు. అదియును గాక, పచ్చి తెల్లసొనలో ట్రిప్సిన్ పనిని అడ్డగించు పదార్థముండును. అనగా పచ్చి గ్రుడ్డు త్వరగా దిగినది నిజమే. దిగి, దాదాపు సగము వ్యర్థమైనది. మఱియు పచ్చి గ్రుడ్డువలన సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి చేరి విరేచనములు, జ్వరము కలుగవచ్చును. బక్కచిక్కిన బిడ్డకు ఇది బలముగాదు, అపాయము. గ్రుడ్డు ఉడికించియే పెట్టవలెను.

ఇక పొడి డబ్బా మాట. ఆవుపాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్ళు కేసీన్. పాలు విరిగినప్పుడు ముద్దగట్టునది అదియే. తక్కిన 20 పాళ్ళు పైన తేలు నీటిలో నిలిచియుండును. అంగడిలోని పొడులు పెక్కు ఈ తేటనుండి చేసినవే. 1997లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఈ రెంటిని వేఱువేఱుగా ఆరోగ్యవంతులకిచ్చి రక్తమును పరీక్షించిరి. తేట అన్నకోశమున గడ్డకట్టదు గాన వెంటనే దిగి, రక్తములో అమైనో ఆమ్లములను ఒక్కసారిగా పెంచి, సుమారు 4 గంటలలో యథాస్థితికి వచ్చెను. కేసీన్ ఆమ్లము తగిలి గడ్డకట్టి, మెల్లమెల్లగా కరగుచు, 7 గంటల వఱకును కొంచెము కొంచెముగా అందించుచుండెను. శీఘ్రమైనది దేహములో క్రొత్త మాంసకృత్తుల నిర్మాణమును హెచ్చించినది. నెమ్మదియైనది ఉన్నవి తఱగిపోకుండ కాపాడినది.

దీనిని మన రైతుబిడ్డలు సులభముగా గ్రహింతురు. కుండపోతగా కురిసిన వాన కొంత నేలలో ఇంకి, కొంత వాగులపాలగును. సన్నని ముసురు నేలలోనికి దిగి పైరును చాలకాలము నిలుపును. పైరునకు రెండును కావలసినవే. మిగిలిన అమైనో ఆమ్లములను నూనెవలె, బియ్యమువలె దాచిపెట్టుకొను కొట్టు దేహమున లేదు. హెచ్చైనవి కట్టెవలె మండిపోవును. పాలలో దేవుడు శీఘ్రమైనదానిని, నెమ్మదియైనదానిని కలిపియే యుంచెను. మూడు పూటలు భుజించు ఆరోగ్యవంతుడగు బాలునకు పొడి డబ్బా అవసరము లేదు. వైద్యుడు రోగికి చెప్పినచో అది వేఱు సంగతి.

తుదకు పప్పు. 1985లో ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణులు కూర్చిన లెక్కలలో గ్రుడ్డులోని మాంసకృత్తులు నూటికి 97, పాలవి 95, మాంసము, చేపలవి 94, చిక్కుడు జాతి గింజలవి 78 పాళ్ళు జీర్ణమగునని యున్నది. పప్పు కొంత వెనుకబడినమాట నిజమే. గింజ కణముల గోడలును, పచ్చి గింజలో ట్రిప్సిన్‌ను అడ్డగించు పదార్థములును అందులకు కారణములు. కాని నానబెట్టుట, మెత్తగా ఉడికించుట, మొలకెత్తించుట, పులియబెట్టుట వలన ఈ అడ్డంకులు చాలవఱకు తొలగును. మన అవ్వలు పప్పు నానబోసి, రుబ్బి, పులియబెట్టి ఇడ్లి వండినప్పుడు చేసిన పని ఇదియే. వాయువు కలుగుటకు మాంసకృత్తులు కారణము కావు. చిన్న ప్రేవులలో అరుగని కొన్ని చక్కెరలు పెద్ద ప్రేవులకు చేరి అచ్చటి సూక్ష్మజీవులవలన పులియును. నానిన నీటిని పారబోసి, క్రొత్త నీటిలో ఉడికించినచో ఆ బాధ తగ్గును.

పప్పునకు మఱియొక గుణము కలదు. బియ్యములో లైసీన్ అను పూస కొఱవడును. అది పప్పులో సమృద్ధిగా నున్నది. పప్పులో కొఱవడు మెథియొనీన్ బియ్యములో నున్నది. పప్పన్నము తిన్నవాడు ఒకదాని కొఱతను మఱియొకదానితో తీర్చుకొనుచున్నాడు.

ఖర్చు లెక్కకు వత్తము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రకారము 13 మొదలు 15 ఏండ్ల బాలునకు దినమునకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావలెను. బియ్యము 300 గ్రాములలో సుమారు 21, కందిపప్పు 60 గ్రాములలో 13, ఒక గ్రుడ్డులో 6, పాలు ఒక గ్లాసెడులో 6 గ్రాములుండును. మొత్తము 46. గ్రుడ్డు తిననివారు పప్పును, పెరుగును కొంత హెచ్చించుకొనవచ్చును. దీనికి డబ్బా యెందులకు?

ప్రియ విద్యార్థులారా, ఆహారమును ఒక్కపూటనే కుక్కుకొనక మూడు పూటలకును పంచుకొనుడు. ఉదయమున వట్టి కాఫీతో బడికి రాకుడు. ఉదయమున తిన్న ఇడ్లియు, పాలును మధ్యాహ్నపు గంట వఱకు మిమ్ము కాచును. బాగుగా నమలుడు. క్రొవ్వు హెచ్చిన భోజనము చేసి వెంటనే ఆటస్థలమునకు పరుగెత్తకుడు.

తల్లిదండ్రులారా, బబులోను రాజనగరిలో దానియేలును, అతని స్నేహితులును రాజభోజనము నొల్లక పప్పుధాన్యములను కోరిన వృత్తాంతము మీరెఱిగినదే. మీ బిడ్డ కంచములోని పప్పన్నమును చూచి సిగ్గుపడవలదు. అది నెమ్మదిగా అరుగును, నెమ్మదిగానే బలమునిచ్చును. డబ్బాకై అప్పు చేయబోవు ధనముతో దినమునకొక గ్రుడ్డు కొని, ఉడికించి పెట్టుడు.