బొడ్డు మీద చెయ్యి

"ఎక్కడ నొప్పి తల్లీ?" అని అడిగితే మా చెల్లెలి కూతురు వేలు పెట్టి చూపించదు. అరచెయ్యి వెడల్పుగా తెరిచి బొడ్డు చుట్టూ తిప్పుతుంది. ఎనిమిదేళ్లది, మూడో తరగతి. బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా దాకా వారంలో రెండు మూడు రోజులు ఇదే వరస. స్కూలు బస్సు వచ్చే వేళకి మెలికలు తిరిగిపోయేది. పదకొండింటికల్లా తేరుకునేది. ఆదివారం మాత్రం ఒక్క పూటా నొప్పి ఉండేది కాదు. ఇంకేం కావాలి? బడి ఎగ్గొట్టే వేషాలని ఇంట్లో సగం మంది తేల్చేశారు. మిగతా సగం మంది దిష్టి తీశారు, వాము నీళ్లు తాగించారు, నులిపురుగుల మందు మింగించారు.

వేషం కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఈ కథనం రాస్తున్నాను. పరీక్షల్లో ఏమీ తేలకపోతే నొప్పి లేదని కాదు.

ఆ అరచెయ్యి తిరిగే తీరుని పిల్లల వైద్యులు శ్రద్ధగా గమనిస్తారు. చేతిమీద దోమ కుడితే సరిగ్గా ఎక్కడో మెదడుకి తెలిసిపోతుంది. పేగుల విషయంలో దానికంత పట్టు లేదు. చిన్నపేగులో ఎక్కువ భాగం, అపెండిక్స్, పెద్దపేగు మొదటి సగం తల్లి గర్భంలో ఒకే గొట్టంలోంచి తయారవుతాయి. వాటి నరాలు వెన్నుపాములో చేరే చోటికే బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలూ చేరతాయి. అందుకే లోపల ఎక్కడ పట్టేసినా పిల్లకి బొడ్డు దగ్గరే తెలుస్తుంది. అపెండిక్స్ వాపు కూడా చాలాసార్లు బొడ్డు దగ్గరే మొదలవుతుంది. ఆ వాపు కడుపు లోపలి పొరని తాకాక గానీ నొప్పి కుడివైపు కిందికి దిగదు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఏప్లీ అనే పిల్లల వైద్యుడు, నోరా నైష్‌తో కలిసి వెయ్యి మంది బడి పిల్లల్ని పరిశీలించి 1958లో ఫలితాలు ప్రకటించాడు. మూడు నెలలకు తగ్గని కాలంలో కనీసం మూడుసార్లు, రోజువారీ పనులకు అడ్డుపడేంతగా కడుపునొప్పి వచ్చిన పిల్లలు ప్రతి పదిమందిలో ఒకరికి పైగా ఉన్నారు. నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే లోపల జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువని ఆయన చెప్పిన సూత్రం వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. అది ప్రతిసారీ నిజం కాదు, కానీ మొదటి ఆనవాలుగా పనికొస్తుంది.

జబ్బు లేకుండా నొప్పి ఎందుకొస్తుంది? పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నరకణాలున్నాయి. అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. కొందరు పిల్లల్లో ఈ మాటలు జాతర మైకులో పెట్టినట్టు వినబడతాయి. మనకు తెలియకుండా కదిలిపోయే కాస్త గాలి, అన్నం తిన్నాక పేగులో వచ్చే మామూలు కదలిక వాళ్లకి నొప్పిగా అందుతుంది. గట్టిగా విరేచనాలు పట్టి తగ్గాక కొందరిలో ఈ మైకు ఆగకుండా మోగుతూ ఉంటుంది. పరీక్షల భయం, కొత్త బడి, ఇంట్లో గొడవలు దాని సౌండు పెంచుతాయి. వైద్యులు దీన్ని ఫంక్షనల్ నొప్పి అంటారు. అన్ని పరీక్షలూ చేసి ఏమీ దొరక్క పెట్టే పేరు కాదది. ప్రమాద సూచనలేవీ లేకపోతే, పిల్లని పరీక్షించి, ఆనవాళ్లు చూసి, కొద్దిపాటి రక్త, మూత్ర, మల పరీక్షలతోనే ఆ నిర్ణయానికి రావచ్చు.

మా పిల్లకి అంత తేలిగ్గా తేలలేదు. రెండు స్కానింగులయ్యాయి. రెండో రిపోర్టులో కడుపులో గ్రంథులు పెరిగాయని రాసి ఉంది. ఎవరో టీబీ అన్నారు. ఆ వారం మా చెల్లెలు నిద్రపోలేదు. ఆ తర్వాత తెలిసిందేమిటంటే పేగుల దగ్గరుండే ఈ లింఫు గ్రంథులు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ స్కాన్‌లో కనబడతాయి. జలుబు చేసినా, విరేచనాలు పట్టినా కాస్త ఉబ్బుతాయి. టీబీ అయితే బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉండటం లాంటివి చూడాలి. స్కానింగులోని ఒక్క వాక్యం పట్టుకుని నెలల తరబడి టీబీ మందులు మొదలుపెట్టకూడదు.

మూడో డాక్టరు కాగితాలు పక్కన పెట్టి పిల్లనే అడిగింది: "దొడ్డికి ఎలా వస్తోందమ్మా?" రోజూ వెళ్తుందండీ అని మా చెల్లెలు అందుకుంది. పిల్ల తలొంచుకుని, మేక పెంటికల్లా వస్తుందంది. బళ్లో ఎందుకు వెళ్లవంటే ఇంకో నిమిషం ఆగి చెప్పింది: బాత్రూము తలుపుకి గడియ లేదు.

ఏడింటికే బస్సు. టిఫిను తినగానే పేగులు సహజంగా కదులుతాయి, కానీ కూర్చోవడానికి తీరిక లేదు. బళ్లో గడియ లేదు. ఆదివారం తీరిగ్గా కూర్చుంటుంది, నొప్పి లేదు. మేమందరం వేషమనుకున్న ఆ లెక్క మొత్తం ఇదే.

పిల్లల కడుపునొప్పికి మనం తరచుగా గమనించని కారణం మలబద్ధకం. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు నీళ్లు పీల్చేస్తుంది. గట్టిపడింది నొప్పి పెడుతుంది. ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటారు. పేగు సాగిపోయి, వస్తోందన్న తెలివే మందగిస్తుంది. కొందరిలో గట్టి ముద్ద పక్కనుంచి పల్చగా జారి చెడ్డీకి అంటుతుంది. అది చూసి విరేచనాలనుకుంటాం, లేదా తిడతాం. ఆ పిల్లలు తిట్లకి తగిన పనేదీ చెయ్యలేదు.

డాక్టరు పాలిథిలిన్ గ్లైకాల్ పొడి రాసింది. కొందరికి లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. వీటికి పేగు అలవాటు పడిపోతుందన్నది అపోహ. వారంలో బాగుందని ఆపేయడమే అసలు తప్పు. సాగిన పేగు మళ్లీ బిగుసుకోవడానికి నెలలు పడుతుంది. భోజనం అయ్యాక ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టాలి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్లు గాలిలో వేలాడకుండా కింద పీట వెయ్యాలి. జామకాయ, బొప్పాయి, తోటకూర, గోరుచిక్కుడు రోజువారీ తిండిలో ఉండాలి. పాలు రోజుకి రెండు గ్లాసులు దాటనక్కర్లేదు. పెద్దవాళ్లకో విన్నపం: కారణం తెలియని కొత్త నొప్పికి ఆముదం పట్టకండి. అది అపెండిక్స్ అయితే విరేచనం ప్రమాదం తెస్తుంది.

పురుగుల మందు సంగతి. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల వరకూ ఉన్న పిల్లలకి అల్బెండజోల్ ఇస్తున్నారు. మంచి పని, తప్పక వేయించాలి. కానీ నొప్పి వచ్చిన ప్రతిసారీ మింగించే మందు కాదది.

ఇక నాకు మింగుడుపడని విషయం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లిన్ వాకర్ బృందం 2006లో ఒక ప్రయోగం ప్రచురించింది. పిల్లల చేత ఇక చాలనేదాకా నీళ్లు తాగించారు. కొందరు తల్లిదండ్రుల్ని పిల్లల నొప్పి గురించి అడుగుతూ ఓదార్చమన్నారు, కొందర్ని వేరే కబుర్లు చెప్పమన్నారు. ఏ సూచనా ఇవ్వని వాళ్లతో పోలిస్తే ఓదార్చిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. కబుర్లు చెప్పిన చోట సగానికి తగ్గాయి. తరచూ నొప్పి వచ్చే పిల్లల తల్లిదండ్రులు మాత్రం మాట మార్చడమే పిల్లకి ఎక్కువ చెడు చేస్తుందని అనుకున్నారు. పిల్లలకి కబుర్లే హాయినిచ్చాయి. నొప్పిని నమ్మాలి, కానీ గంటగంటకీ దాన్ని పలకరించకూడదు. వీలైనంతవరకు బడి మానిపించకూడదు. పొట్ట నిండా నెమ్మదిగా గాలి పీల్చి వదలడం నేర్పితే పిల్లలకి ఒక ఆసరా దొరుకుతుంది. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకి ఆలోచనా తీరుని మార్చే కౌన్సెలింగ్ మేలు చేస్తుంది.

అయితే ఇలా నింపాదిగా ఉండకూడని సందర్భాలున్నాయి. బరువు తగ్గుతున్నా, ఎత్తు పెరగకపోయినా, మలంలో రక్తం కనబడినా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, పదేపదే జ్వరం వస్తున్నా, మూత్రంలో మంట ఉన్నా వెంటనే చూపించాలి. పచ్చటి పసరు వాంతి అయితే, కడుపు చెక్కలా బిగుసుకుంటే, కుడివైపు కింద నొప్పితో గెంతలేకపోతే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. చంటిపిల్ల ఉండుండి కాళ్లు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నా అంతే. విపరీతమైన దాహం, ఆయాసంతో వచ్చే కడుపునొప్పి మధుమేహం కావచ్చు. మగపిల్లాడు పొత్తికడుపు నొప్పి అంటే బట్టలు విప్పి వృషణాలు కూడా చూడాలి. సిగ్గుతో చెప్పరు. మెలిపడిన వృషణాన్ని కాపాడుకోవడానికి ఉండే సమయం సుమారు ఆరు గంటలే.

మా మరిది బజారు నుంచి ఒక ఇనుప గడియ కొనుక్కెళ్లి హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో బిగించారు. పొడి నాలుగు నెలలు వాడారు. అందరికన్నా కష్టపడింది మా అమ్మ. సాయంత్రం బస్సు దిగీ దిగకముందే "కడుపెలా ఉందే?" అని అడగడం ఆమెకి అలవాటు. ఇప్పుడా మాట నోటిదాకా వస్తే మింగేసి, "ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారే?" అంటుంది.