మీకు తెలుసా? సంఘానికి ఏడుగురు చాలు!

పంజా సెంటర్‌లో టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లని ఓసారి లెక్కపెట్టండి. ఏడుగురున్నారా? ఇంకేం, సేవా సంఘం పెట్టేయొచ్చు! ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం అడిగేది అక్షరాలా 7 సంతకాలే. ఆరుగురుంటే మాత్రం కుదరదు. టీ కొట్టాయన్ని కూడా కలుపుకోండి మరి!

కొంచెం దగ్గరికి జరగండి, అసలు సంగతి చెబుతా. సాయం చేయాలన్న మనసు మనది. అది ఎంత దూరం నడుస్తుందో మాత్రం చాలాసార్లు చట్టంలోని 1 వాక్యం తేలుస్తుంది! ఆ వాక్యాల్లో ఎన్ని వింతలు దాగున్నాయో చూడండి!

మన బెజవాడ రామమోహన గ్రంథాలయంలో 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లంతా కలిశారు. పూనుకున్నది అయ్యంకి వెంకటరమణయ్య. సర్కారు పిలవలేదు, జనమే వచ్చారు! మరి మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం చేసిందెప్పుడు? 1948లో! అంటే జనం ముందు నడిస్తే, చట్టం 34 ఏళ్లు ఆలస్యంగా వెనకాలే వచ్చింది!

మీ ఇంటి పన్ను రసీదు ఉందా? తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఓ వరుస కనిపిస్తుంది. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు పుస్తకాలకే! ఒకప్పుడు చందాలు పోగేసి నడిపిన గ్రంథాలయానికి ఇప్పుడు కొత్తపేటలో ఇల్లున్న ప్రతివాళ్లూ చందాదారులే. తెలియకుండానే దాతలైపోయారు!

పుస్తకం పడవెక్కి వచ్చిన రోజులు విన్నారా? 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు! పడవ రేవుకి వచ్చిందంటే పుస్తకం వచ్చినట్టే. కాలువ తవ్వించింది పొలాల కోసం. దాని మీద చదువు పారించింది మాత్రం సేవకులు!

కాలువ గట్టు తెగబోతోంది. ఊరంతా పలుగూ పారా పట్టుకుని పరిగెత్తింది. ఇది సాయమా, నిర్బంధమా? ఆ రోజుల్లో నిర్బంధమే! మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లోనే నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. గట్లు కాపాడే పనికి గ్రామస్తులు రావాల్సిందే! ఊరి ఆచారం కాస్తా ఒక్క దెబ్బతో చట్టమైపోయింది!

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు వింత. 1997లో ఆంధ్రప్రదేశ్ సర్కారు కాలువల బాగోగులు రైతుల చేతికే ఇస్తూ చట్టం చేసింది. ఆ ఏడాదే ఎన్నికలు పెట్టింది. ఎన్ని నీటి సంఘాలు పుట్టాయో ఊహించండి. 10,292! ఒక్క చట్టంతో అన్ని సంఘాలు!

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. గాంధీజీ వచ్చారు. జనం పోటెత్తారు! వాళ్లని అదుపులో పెట్టిందెవరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు! దాదాపు 1,000 మంది వాలంటీర్లు. జీతం లేదు, భత్యం లేదు. క్రమశిక్షణ మాత్రం సైన్యాన్ని తలపించేది!

అదే రామదండు అండతో చీరాల-పేరాల జనం చేసింది వింటే నోరు తెరుస్తారు. సర్కారు ఆ ఊళ్లని మునిసిపాలిటీ చేసింది. పన్నులు పెరిగాయి. జనం ఏం చేశారు? ఇళ్లకి తాళాలేసి ఊరి బయటికి వెళ్లిపోయారు! రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో కాపురం ఉన్నారు. ఎన్నాళ్లు? 11 నెలలు! సర్కారు ఒక్క పన్ను పెంచితే, ఊరంతా వాలంటీరే అయిపోయింది!

వాలంటీరుగా పేరు రాయించుకోవడమే నేరమంటే నమ్ముతారా? అదే 1921 చివర్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ వాలంటీరు దళాలను చట్టవిరుద్ధమని ప్రకటించారు. ప్రయోగించిన చట్టం 1908 నాటిది! పేరిచ్చినందుకే జైలు. అయినా జనం వరసకట్టి పేర్లిచ్చారు!

తొంభై ఎనిమిదేళ్లకి అదే మాట సర్కారు నోటే వచ్చింది! 2019 ఆగస్టు 15న విజయవాడలోనే గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. పల్లెలో ఒక్కొక్కరికి 50 ఇళ్లు. పేరు వాలంటీరు. చేతికి అందేది నెలనెలా గౌరవ వేతనం. ఒకనాడు జైలుకి పంపిన పేరే అప్పుడు సర్కారు గుర్తింపు కార్డు మీదికెక్కింది!

మరి వాళ్లు చేసిన పింఛన్ల పంపిణీ ఎంత వేగంగా చేతులు మారిందో చూడండి. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం ఒక్క ఉత్తర్వు ఇచ్చింది. వాలంటీర్లు పింఛను డబ్బు పంచకూడదు! అంతే, ఇంటింటికీ తిరిగిన కాళ్లు ఆగిపోయాయి. ఆ జూలైలో సచివాలయ ఉద్యోగులు అదే తలుపులు తట్టారు. గుమ్మం అదే, అవ్వ అదే, వచ్చిన మనిషే వేరు!

అక్షరం నేర్పితే సారా దుకాణం మూతపడుతుందా? పడింది! నెల్లూరు జిల్లాలో సర్కారు అక్షరాస్యత ఉద్యమం పెట్టింది. పగలంతా కష్టం చేసి వచ్చిన ఆడవాళ్లకి వాలంటీర్లు రాత్రిపూట పాఠాలు చెప్పారు. దూబగుంట మహిళలు ఆ చదువుతోనే సారా మీద తిరగబడ్డారు! 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం. పలక ఇచ్చిన సర్కారునే చట్టం మార్చమని నిలదీశారు!

రక్తం డబ్బుకి అమ్ముకునే రోజులుండేవి, తెలుసా? సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ వ్యాపారం బంద్! అప్పటినుంచి రక్తం అంటే దానమే. కాలేజీ వరండాలో మంచం మీద పడుకుని చెయ్యి చాచిన ప్రతి కుర్రాడి వెనకా ఆ తీర్పుంది!

రోడ్డు మీద ఎవరో పడిపోయారు. ఎత్తాలా, పోలీసు కేసని తప్పుకోవాలా? ఇక భయం వద్దు! చట్టం మీ వెనకే ఉంది. ఆస్పత్రికి చేర్చినవాళ్లని పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. పైగా ప్రాణం కాపాడితే కేంద్రం ఇచ్చే బహుమానం ఒకప్పుడు ఐదు వేలు. ఇప్పుడు 25,000!

ఇంద్రకీలాద్రి నీడలో బతికేవాళ్లం, అన్నదానం మనకి కొత్తా? కానీ దానికీ సర్కారు ఓ లెక్క పెట్టింది! ఉచితంగా భోజనం పెట్టే ధార్మిక సంస్థలకి బియ్యం, పప్పు, నూనె మీద కట్టిన కేంద్ర జీఎస్టీ తిరిగిచ్చే పథకం 2018లో వచ్చింది. షరతు ఏమిటంటే నెలకి కనీసం 5,000 మందికి వడ్డించాలి! గుడైనా, మసీదైనా, చర్చైనా, గురుద్వారా అయినా సరే!

పెళ్లిలో పులిహోర మిగిలిపోయింది. వించిపేటలోనో చిట్టినగర్‌లోనో నలుగురికి పంచుదామనుకున్నారు. మంచి పనే! దానికీ ఆహార భద్రతా సంస్థ నిబంధనలున్నాయి. 2020 జూలై 1 నుంచి అమలు! మిగులు భోజనం సేకరించి పంచే సంస్థలు ఆ పద్ధతులన్నీ పాటించాలి. ఆకలి తీర్చే ముద్ద పాచిపోయినదైతే ఎలా? అందుకే ఈ జాగ్రత్త!

విజయవాడలోని అనాథాశ్రమానికి అమెరికా నుంచి విరాళం వచ్చింది. మొదట ఎక్కడ దిగుతుంది? గన్నవరంలోనా? ఊహూఁ, ఢిల్లీలో! విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం దేశంలో ఏ సంస్థకైనా ఆ డబ్బు చేరాల్సింది 1 శాఖకే. ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు! అక్కడ దిగాకే బెజవాడ ప్రయాణం!

ఆ డబ్బులో ఆఫీసు అద్దెకి, పాలనా ఖర్చులకి ఎంత వాడొచ్చు? ఇదివరకు సగం దాకా వాడుకునేవారు. ఇప్పుడు 20 శాతమే! అంతేకాదు, ఆ విరాళంలోంచి మరో చిన్న సంస్థకి పంచడానికి వీల్లేదు. కొండ మీది వాడలో పనిచేసే చిన్న సంఘం ఇక తన దాతని తానే వెతుక్కోవాలి!

డాలస్‌లో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ బెజవాడ వాళ్లే. ఒకే సంస్థకి చెరో 100 డాలర్లు పంపారు. ఒకటి విదేశీ విరాళం, రెండోది కాదు! ఎలాగంటారా? తమ్ముడి చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపాడు కాబట్టి అది స్వదేశీ సొమ్ము. అన్నయ్య అమెరికా పౌరుడయ్యాడు. రక్తం ఒకటే, పాస్‌పోర్టులే వేరు!

కాళేశ్వరరావు మార్కెట్లో వ్యాపారం చేసే బాబాయిలూ, ఇది మీకోసం! అర్హత ఉన్న సంస్థకి నోట్లు ఇస్తే, పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి 2,000 దాకానే మినహాయింపు. అది దాటితే చెక్కో ఆన్‌లైనో ఉండాలి! కొత్త పన్ను పద్ధతి ఎంచుకుంటే ఆ మినహాయింపే లేదు. హుండీలో వేసే ముందు రసీదు గుర్తుంచుకోండి!

పెద్ద కంపెనీకి దయ పుట్టించే చట్టం ఉందా? ఉంది! 2014 నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకి ఖర్చు పెట్టాల్సిందే. ఊళ్లో బడికి కొత్త బల్లలు వచ్చాయంటే వాటి వెనక ఈ చట్టం ఉండొచ్చు!

మీ ఇంట్లో జాతీయ సేవా పథకం, అదే ఎన్ఎస్ఎస్ పిల్లలున్నారా? వాళ్లు రెండేళ్లలో సేవకి ఇవ్వాల్సిన గంటలెన్నో అడగండి. 240! ఆ పథకం మొదలైంది గాంధీ శతజయంతి ఏడాదిలో. వన్ టౌన్ పక్కనే గాంధీ కొండ ఎక్కినప్పుడు ఈ సంగతి వాళ్లకి చెప్పండి. చీపురు పట్టిన చేతికి చరిత్ర తెలిస్తే ఆ ఊపే వేరు!

విజయవాడ స్టేషన్లో బిక్కుబిక్కుమంటూ ఓ పిల్లాడు కనిపిస్తే ఏ నంబరు నొక్కాలి? 1098! ఏళ్లపాటు ఆ ఫోను ఎత్తింది స్వచ్ఛంద సంస్థలే. 2023లో కేంద్రం ఆ పనిని ప్రభుత్వ యంత్రాంగానికి మార్చింది. నంబరు మారలేదు, ఫోను ఎత్తే చెయ్యి మారింది! మీరు మాత్రం నొక్కడం మరిచిపోవద్దు!

2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుందా? సింగ్ నగర్ మునిగింది. మేడల మీద జనం. ఆకాశంలోంచి అన్నం పొట్లం దిగింది! తెచ్చింది డ్రోన్. డ్రోన్లకి ఒకప్పుడు ఎన్ని దరఖాస్తు ఫారాలో తెలుసా? పాతిక! 2021 నిబంధనలు వాటిని 5కి తగ్గించాయి. కాగితం బరువు తగ్గితే పొట్లం పైకి లేచింది!

సర్కారు ఏం చేస్తోందో అడగాలంటే ఎంతవుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు రుసుము 5 రూపాయలు. గ్రామ స్థాయిలో అదీ లేదు! టీకి పెట్టే ఖర్చు కూడా కాదు. ప్రశ్న అడగడం కూడా సేవే. ఒక్క కాగితం పెడితే వీధి దీపం వెలగొచ్చు!

అందుకే చెబుతున్నా, చట్టం వకీళ్ల బీరువాలో ఉండే పుస్తకమని వదిలేయకండి. అది తలుపు తీస్తుంది, ఒక్కోసారి మూస్తుంది. ఏ తలుపు తెరిచి ఉందో తెలిసినవాళ్లే ముందు లోపలికి వెళ్తారు! రేపు పంజా సెంటర్‌లో మళ్లీ లెక్కపెట్టండి. ఆరుగురే ఉన్నారా? ఏం పర్లేదు, మీతో కలిపి 7!