మార్కుల పట్టిక ఒక అమానత్

గత సంవత్సరం మంచిర్యాలలోని మా మదరసాలో విద్యార్థుల మార్కుల పట్టికలను మేమే చేజేతులా తుడిచివేశాం. ఆ కంప్యూటర్‌లో నడిచేది లినక్స్. అందులో ‘ఆర్‌ఎం’ అనే ఆదేశంతో తొలగించినది చెత్తబుట్టలోకి చేరదు. తిరిగి పొందడం చాలా కష్టం. పాత జవాబు పత్రాలు వెతికి, మూడు వారాలు కూర్చొని పట్టికలను మళ్లీ రాశాం.

రోజువారీ పనికి సైతం ‘రూట్’ ఖాతాను వాడటమే మేము చేసిన తప్పు. రూట్‌కు ఆ యంత్రంపై సర్వాధికారం ఉంటుంది. సింగరేణి భూగర్భ గనుల్లో అర్హత పత్రం లేనివారు పేలుడు పదార్థాలను ముట్టరాదు. మా విద్యార్థుల తండ్రులకు తెలిసిన ఆ జాగ్రత్త మాకు లేకపోయింది.

యాభై దాటిన వయసులో మళ్లీ విద్యార్థులమయ్యాం. ‘యాడ్‌యూజర్’ ఆదేశంతో ఉపాధ్యాయులందరికీ వేర్వేరు ఖాతాలు తెరిచాం. ముఖ్యమైన పనికి మాత్రమే ‘సుడో’తో అధికారం తీసుకుంటున్నాం, ఎవరు ఏ ఆదేశమిచ్చారో అది నమోదు చేస్తుంది. లినక్స్‌లో చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని లెక్క. మార్కుల ఫైలుకు 640 ఉంచాం: యజమాని చదివి రాయగలడు, అతని బృందం చదవగలదు, ఇతరులకు ప్రవేశం లేదు. ప్రతి గురువారం మరో డిస్కులోకి నకలు తీస్తున్నాం.

ఈ విద్యకు ఖర్చు అడ్డు కాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉండగా ప్రారంభించిన లినక్స్ ఉచితంగా లభిస్తుంది. ‘స్వేచ్ఛ’ సంస్థ దానిని తెలుగులోనూ రూపొందించింది.

పిల్లల శ్రమఫలం మన వద్ద ఉన్న అమానత్. మీ ఇంటి కంప్యూటర్‌లో ఎవరికి ఎంత అధికారం ఇచ్చారో నేడే ఒకసారి చూసుకోండి.