భూమికి గండమంటూ గాలివార్తలు.. గ్రహశకలాల లెక్కల్లో నిజమెంత?

1979 జులైలో తెలుగు పల్లెల్లో చాలాచోట్ల పనులు నిలిచిపోయాయి. అమెరికా ప్రయోగించిన ‘స్కైలాబ్’ అనే అంతరిక్ష కేంద్రం కక్ష్య నుంచి జారి భూమిపై పడనున్నదన్న వార్తకు ఊళ్లలో చిలవలు పలవలు చేరాయి. ఎటూ చచ్చేదే కదా అని మేకలను, కోళ్లను కోసుకుని తిన్నవారున్నారు. గొడ్డూగోదా అయినకాడికి అమ్ముకున్నవారున్నారు. తీరా జులై 11న స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతంలోని ఎస్పరెన్స్ పట్టణ పరిసరాల్లోనూ రాలాయి. ఒక్కరికీ గాయం కాలేదు. తమ ప్రాంతంలో చెత్త పారబోశారంటూ అక్కడి స్థానిక సంస్థ నాసాకు సరదాగా 400 డాలర్ల జరిమానా విధించడం కొసమెరుపు. తెలుగునాట అమ్ముడుపోయిన మేకలు మాత్రం తిరిగి రాలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ జ్ఞాపకం చెరగలేదనడానికి 2021లో ‘స్కైలాబ్’ పేరుతో తెలుగు చలనచిత్రమే వచ్చింది.

స్కైలాబ్ మనిషి చేసిన వస్తువు. అది పోయాక ఆ భయం స్థానాన్ని గ్రహశకలాలు ఆక్రమించాయి. రెండు మూడేళ్లకొకసారి ఎక్కడో ఒక ‘యముడి రాయి’ బయలుదేరిందన్న వార్త, దానికొక తేదీ, ఆ తేదీకి ముందు నిద్రలేని రాత్రులు. అంతకు ముందు తరానికి 1962 ఫిబ్రవరి నాటి అష్టగ్రహ కూటమి గుర్తుండే ఉంటుంది. మకర రాశిలో గ్రహాలన్నీ చేరితే ప్రళయమని దేశమంతటా యజ్ఞయాగాదులు జరిగాయి. ఫిబ్రవరి 5 దాటింది, 6న యథావిధిగా తెల్లవారింది. 2012 డిసెంబరు 21న మాయా పంచాంగం ముగిసిందనీ, ‘నిబిరు’ అనే గ్రహం ఢీకొంటుందనీ మరో ప్రచారం. అదే నిబిరు 2003లోనే రావలసి ఉందని చెప్పినవారు, రాకపోయేసరికి తేదీని 2012కు మార్చారన్న సంగతి చాలామందికి తెలియదు. 2015 సెప్టెంబరులో ప్యూర్టోరికో సమీపంలో పెద్ద శకలం పడుతుందన్న వదంతిని నాసా ముందుగానే ప్రకటన ఇచ్చి ఖండించవలసి వచ్చింది. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ‘కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారు’ అన్న మాట మన ప్రాంతంలో తోడవుతుంది. వీరబ్రహ్మేంద్రస్వామి పేరిట తిరిగే వాక్యాల్లో ఏది పాతదో, ఏది మొన్న చేర్చినదో విచారించే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

అయితే భయపెట్టేవన్నీ వదంతులేనని కొట్టిపారేయడానికీ వీలులేదు. కొన్నిసార్లు ఆ మాట అన్నది శాస్త్రజ్ఞులే.

మూడు శాతం కథ

చిలీ దేశంలోని అట్లాస్ దూరదర్శిని 2024 డిసెంబరు 27న ఒక కొత్త శకలాన్ని గుర్తించింది. పేరు ‘2024 వైఆర్4’. ఈ పేరు తికమకగా కనిపించినా అందులో ఒక పద్ధతి ఉంది. ఏడాదిని 24 పక్షాలుగా విభజించి ఒక్కో పక్షానికి ఒక్కో ఆంగ్ల అక్షరం కేటాయించారు. ‘వై’ అంటే డిసెంబరు రెండో పక్షం. తరువాతి అక్షరం, అంకె కలిపితే ఆ పక్షంలో అది ఎన్నోదో తెలుస్తుంది. ఆ లెక్కన ఇది 117వది. ఇంటిపేరు, వరుస సంఖ్య రెండూ పేరులోనే ఉన్నాయన్నమాట.

సుమారు 60 మీటర్ల వెడల్పున్న ఈ రాయి 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశముందని తేలింది. మొదట ఒక శాతం అన్నారు. ఆ తరువాత అది పెరుగుతూ పోయి 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి చేరింది. తాకితే ఎక్కడ తాకవచ్చన్న పట్టీ తూర్పు పసిఫిక్ మొదలుకొని దక్షిణ అమెరికా ఉత్తర భాగం, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా వరకు సాగింది. పట్టీలో భారతదేశం కూడా ఉందనగానే సెల్‌ఫోన్లలో సందేశాలు వెల్లువెత్తాయి. వారం తిరగకుండానే, ఫిబ్రవరి 24 నాటికి, అదే అంకె 0.004 శాతానికి పడిపోయింది. భయపడినవారు ‘దాచిపెడుతున్నారు’ అన్నారు, నవ్వినవారు ‘వాళ్లకే తెలియదు’ అన్నారు. రెండూ పొరపాటే.

ఎందుకో తెలియాలంటే మన కోస్తావాసులకు బాగా తెలిసిన తుపాను సంగతి తలచుకుంటే చాలు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన మొదటి రోజు వాతావరణ శాఖ ‘చెన్నై, విశాఖ మధ్య తీరం దాటవచ్చు’ అంటుంది. ఆనాడు మచిలీపట్నానికి ముప్పు అనేక చోట్లలో ఒకటి మాత్రమే. మరునాడు ‘నెల్లూరు, కాకినాడ మధ్య’ అంటారు. హద్దులు కుంచించుకుపోయాయి, మచిలీపట్నం ఇంకా లోపలే ఉంది కనుక దాని వంతు పెరిగింది. తుపాను మచిలీపట్నం వైపు తిరిగిందని దీని అర్థం కాదు. మన అజ్ఞానం తగ్గిందని మాత్రమే. మూడోనాడు ‘కాకినాడకు ఉత్తరాన’ అని తేలితే మచిలీపట్నం ముప్పు ఒక్కసారిగా సున్నాకు దిగుతుంది. గ్రహశకలాల విషయంలోనూ అచ్చంగా జరిగేది ఇదే. కొద్దిరోజుల పరిశీలనతో గీసిన కక్ష్యకు లక్షల కిలోమీటర్ల వెడల్పున సందేహం ఉంటుంది. పరిశీలన పెరిగేకొద్దీ ఆ వెడల్పు తగ్గుతుంది. భూమి అందులో ఉన్నంతకాలం శాతం పెరుగుతుంది, బయటపడిన రోజున కూలిపోతుంది. కాబట్టి అంకె పెరగడమూ, తరువాత పడిపోవడమూ లెక్క సరిగ్గా నడుస్తోందనడానికే గుర్తు.

పాము పేరున్న రాయి

ఇంతకంటె పెద్ద ఉదంతం ‘అపోఫిస్’ది. 2004 జూన్‌లో అమెరికాలోని కిట్ పీక్ వేధశాలలో కనుగొన్న ఈ శకలం వెడల్పు 340 మీటర్ల పైచిలుకు. ఈజిప్టు పురాణాల్లో సూర్యుణ్ణి మింగజూసే చీకటి సర్పం పేరిది. మన రాహువుకు దూరపు చుట్టమనుకోవచ్చు. 2029 ఏప్రిల్ 13న ఇది భూమిని తాకే అవకాశం 2004 డిసెంబరు 27 నాటికి 2.7 శాతానికి, అంటే 37లో ఒక వంతుకు చేరింది. ముప్పు తీవ్రతను సున్నా నుంచి పది వరకు చూపే టొరినో కొలమానం 1999లో అమలులోకి వచ్చినప్పటి నుంచి నాలుగో అంకెకు ఎక్కిన వస్తువు ఇదొక్కటే.

ఆ అంకె ప్రపంచమంతటా పతాక శీర్షిక కావలసినది. కాలేదు. ఎందుకంటే దానికి ముందురోజే, డిసెంబరు 26న, సునామీ విరుచుకుపడింది. ఆంధ్ర తీరంలోనే నూరు మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పాతికేళ్ల తరువాత రావచ్చునన్న రాయిని శాస్త్రజ్ఞులు లెక్కిస్తున్న వేళ, ఎవరూ హెచ్చరించని సముద్రం గంటల వ్యవధిలో ఊళ్లను ఊడ్చివేసింది. హిందూ మహాసముద్రంలో అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. మన దేశపు కేంద్రం ఆ తరువాత 2007లో హైదరాబాదులో ఏర్పడింది.

అదే 27వ తేదీన, అంతకు తొమ్మిది నెలల ముందు తీసిన పాత ఛాయాచిత్రాల్లో అపోఫిస్ జాడ దొరికింది. 2029 ముప్పు తొలగిపోయింది. 2021 మార్చిలో రాడార్ పరిశీలనలతో మరో వందేళ్ల వరకు ప్రమాదం లేదని నాసా ప్రకటించింది. అయినా 2029లో దాని రాక చూడదగినదే. భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో, అంటే మన టీవీ ప్రసారాలు చేసే భూస్థిర ఉపగ్రహాల కంటె దగ్గరగా దాటిపోతుంది. మన గడియారం ప్రకారం అది 14వ తేదీ తెల్లవారుజాము.

చెప్పకుండా వచ్చిన అతిథి

2013 ఫిబ్రవరి 15న శాస్త్రలోకం ఒక శకలం కోసం ఎదురుచూస్తోంది. ‘2012 డీఏ14’ అనే రాయి ఆ రోజు భూమికి దాదాపు 27,700 కిలోమీటర్ల ఎత్తున దాటిపోవలసి ఉంది. చెప్పిన సమయానికి చెప్పినట్లే దాటిపోయింది. ఆ ఉదయమే రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంపై, దానితో ఏ సంబంధమూ లేని మరో రాయి సూర్యుడి దిశ నుంచి వచ్చి 30 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. వెడల్పు ఇరవై మీటర్లలోపే. పగటి వెలుగులో దూరదర్శినులు చూడలేవు కనుక ఎవరూ కనిపెట్టలేదు. సుమారు 1,500 మంది గాయపడ్డారు.

ఆ గాయాల తీరు గమనించదగినది. రాయి తగిలి గాయపడినవారు కాదు. ఆకాశంలో మెరుపు చూసి ఏమిటా అని కిటికీల దగ్గరకు పరుగెత్తారు. కాంతి ముందు వస్తుంది, పేలుడు తరంగం నిమిషాల తరువాత వస్తుంది. అది వచ్చేసరికి అద్దాలన్నీ ముఖాల మీద పగిలాయి. ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలు నాలుగో తరగతి పిల్లలను బల్లల కింద దూరమన్నారు. ఆ పిల్లల్లో ఒక్కరికీ దెబ్బ తగలలేదు. నిలబడి ఉన్న ఆమెకు మాత్రం చేతికి తీవ్ర గాయమైంది.

ఇలా అన్నీ చెప్పకుండానే వస్తాయనుకోనక్కరలేదు. 2008 అక్టోబరు 6న గుర్తించిన నాలుగు మీటర్ల రాయి మరునాడే సూడాన్ ఎడారిపై పడుతుందని లెక్క కట్టారు. ఇరవై గంటల వ్యవధిలో అది అక్కడే రాలింది. విద్యార్థులు ఇసుకలో వెతికి ముక్కలు ఏరారు. రాకముందే కనిపెట్టిన మొదటి శకలం అదే. అటువంటి విజయాలు 2024 చివరికి పది వరకు లెక్కకు వచ్చాయి. అన్నీ చిన్నవే. వాటికి పత్రికల్లో పెద్దగా చోటు దక్కలేదు.

కొన్ని వింతలు

గ్రహశకలాల లోకంలో కల్పన కంటె నిజమే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. నాసా అంచనా ప్రకారం ప్రతిరోజూ భూమిపై వంద టన్నులకు పైగా అంతరిక్ష ధూళి, ఇసుక రాలుతున్నాయి. మన డాబాల మీద కూడా. కారు అంత రాయి ఏడాదికొకటి చొప్పున వాతావరణంలో మండిపోతుంది. అంగారక, గురు గ్రహాల మధ్యనున్న శకలాలన్నీ కలిపి ముద్ద చేసినా చంద్రుడి బరువులో పదో వంతు కూడా తూగవు. చలనచిత్రాల్లో చూపినట్లు రాళ్ల మధ్య సందు దొరకని ఇరుకేమీ ఉండదు. వ్యోమనౌకలు ఆ ప్రాంతాన్ని ఎన్నోసార్లు క్షేమంగా దాటాయి. 1954లో అమెరికాలోని అలబామాలో సోఫాలో నిద్రిస్తున్న గృహిణికి ఇంటికప్పు చీల్చుకుని వచ్చిన ఉల్క తుంటిపై తగిలింది. కమిలిన గాయంతో బతికి బయటపడ్డారు. 2025లో చిలీలోని వెరా రూబిన్ వేధశాల తొలి పది గంటల పరిశీలనలోనే రెండు వేలకు పైగా కొత్త శకలాలను పట్టింది. వాటిలో భూమి దాపులకు వచ్చేవి ఏడు. ఏదీ ప్రమాదకారి కాదు.

మన పేర్లూ అక్కడున్నాయి. తమిళనాడులోని కావలూరు వేధశాలలో 1988లో కనుగొన్న శకలానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టారు. హైదరాబాదు నిజామియా వేధశాల వాతావరణంలో పెరిగిన ఖగోళవేత్త వైణు బప్పు పేరున మరొకటి తిరుగుతోంది. ఉల్క దెబ్బ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనుకుంటే మహారాష్ట్రలోని బుల్డానా జిల్లా లోనార్ సరస్సుకు వెళ్లవచ్చు. నల్లరాతి నేలపై 1.8 కిలోమీటర్ల వెడల్పున పడిన గుంత అది.

డైనోసార్లను తుడిచిపెట్టిన 10 కిలోమీటర్ల శకలం 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికో తీరాన పడింది. దాదాపు అదే కాలంలో దక్కను పీఠభూమి లావాతో ఉడుకుతోంది. ఆ లావా రాజమండ్రి పరిసరాల వరకు పారి గట్టిపడిన జాడలు కాతేరు, పంగిడి క్వారీల్లో నేటికీ కనిపిస్తాయి. హైదరాబాదు బిర్లా సైన్సు కేంద్రంలో నిలబెట్టిన ఆదిలాబాద్ ప్రాంతపు కోటసారస్‌ను చూసి, ఉల్క దెబ్బకు చచ్చినదేనని పిల్లలకు చెప్పే పెద్దలున్నారు. అది అంతకు పది కోట్ల ఏళ్లకు పూర్వమే గతించిన జీవి.

నమ్మాలా, వద్దా?

కిలోమీటరు మించిన రాళ్లలో 95 శాతానికి పైగా ఇప్పటికే గుర్తించారు. వాటిలో ఏదీ రాబోయే వందేళ్లలో భూమిని తాకదు. లోకం మొత్తం అంతమవుతుందనే జోస్యాలు ఇక్కడే వీగిపోతాయి. సందేహమున్నది మధ్యరకం వాటితోనే. ఒక నగరాన్ని నాశనం చేయగల 140 మీటర్ల పైబడినవి పాతిక వేల వరకు ఉంటాయని అంచనా. కనిపెట్టినవి అందులో సగానికి లోపే. తేదీ, సమయం, ఊరు చెప్పి బెదిరించే వీడియోలను పట్టించుకోనక్కరలేదు గానీ, ఈ వెతుకులాటకు పెట్టే ఖర్చు వృథా అనడమూ సరికాదు.

వార్త వినగానే చూడవలసినది ఆ శకలానికి పేరుందా, నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థల ముప్పు పట్టికల్లో అది ఉందా, టొరినో అంకె ఎంత అన్న సంగతులే. ఈ పట్టికలు రహస్యం కావు, ఎవరైనా చూడవచ్చు. దాచిపెట్టడమూ సాధ్యం కాదు, ఎందుకంటే ఆకాశం వైపు తిప్పిన దూరదర్శినులు పదుల దేశాల్లో ఉన్నాయి, ఔత్సాహికుల ఇళ్ల మీదా ఉన్నాయి.

నిజంగానే ఒకటి వస్తే? 2022 సెప్టెంబరు 26న నాసా ‘డార్ట్’ నౌక 160 మీటర్ల డైమోర్ఫస్ అనే శకలాన్ని సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగంతో కావాలనే ఢీకొట్టింది. తన పెద్ద జోడీ చుట్టూ 11 గంటల 55 నిమిషాల్లో తిరిగే ఆ రాయి ఆ తరువాత సుమారు అరగంట ముందే తిరగసాగింది. ఆకాశంలోని ఒక రాతి దారిని మనిషి మార్చడం అదే తొలిసారి. కాకపోతే ఈ ఉపాయానికి ముందస్తు సమాచారం కావాలి, అదీ ఏళ్ల తరబడి. దెబ్బ ఎంత లోతుగా తగిలిందో దగ్గరగా చూసి కొలవడానికి ఐరోపా సంస్థ పంపిన ‘హెరా’ నౌక 2024 అక్టోబరు 7న బయలుదేరింది.