గుణవృక్షం

భద్రాచల మన్యంలో నరికిన టేకు దుంగలను పూర్వం తెప్పలుగా కట్టి గోదావరిలో విడిచేవారు. పాపికొండల ఇరుకు దాటి అవి రాజమహేంద్రవరం చేరేవి. ఇంకా దిగువన, సముద్రం సమీపంలో ఉన్న నరసాపురం ఒకప్పుడు ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి. 1669-79 సంవత్సరాల మధ్య బంగాళాఖాత తీరాలలో సంచరించిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, అక్కడ మేలైన కలప, ఇనుము, నిపుణులైన ఓడ నిర్మాతలు ఉన్నారని వ్రాశాడు. అంతటితో ఆగక, ఓడస్తంభాన్ని నిలిపే మోకులను తయారుచేయడంలో వారి నేర్పును ప్రత్యేకంగా ప్రశంసించాడు. కలపతో సమానంగా తాడును ఎందుకు మెచ్చుకోవాలి?

దీనికి సమాధానం ఒక్క పదంలో ఉంది. అమరకోశంలో ఓడస్తంభానికి ‘గుణవృక్షకం’ అని పేరు. గుణమంటే తాడు. అనగా అది తాళ్ళ చెట్టు.

తెరచాప ఓడలో తాళ్ళు రెండు విధాలు. మొదటివి స్థిరమైనవి. ఇవి స్తంభం పైభాగం నుండి ముందు వెనుకలకూ, ఇరుప్రక్కలకూ బిగిసి, గాలి తాకిడికి అది విరగకుండా కాపాడతాయి. ఉప్పునీటికి చివికిపోకుండా వీటికి తారు పూసేవారు. రెండవవి చలించేవి. ఇవి కప్పీల మీదుగా సాగి తెరచాపను ఎత్తుతాయి, దించుతాయి, గాలివాలుకు త్రిప్పుతాయి. స్థిరమైన కప్పీ లాగే దిశను మాత్రమే మారుస్తుంది. బరువుతోపాటు కదిలే కప్పీ శ్రమను ఇంచుమించు సగానికి తగ్గిస్తుంది. లంగరు ఎత్తడానికి మోకును నిలువు రాట్నానికి చుట్టి, దానికి అడ్డంగా దూర్చిన కర్రలను నెడుతూ నావికులు చుట్టూ తిరిగేవారు.

లాగిన తాడు కొసను ఓడ అంచున ఉన్న కొయ్యమేకుకు 8 అంకె ఆకారంలో చుట్టేవారు. బిగుసుకుపోయే ముడి వేసేవారు కాదు. చుట్ల మధ్య రాపిడే తాడును నిలిపి ఉంచుతుంది. అకస్మాత్తుగా పెనుగాలి వీచినప్పుడు తెరచాపను క్షణాలలో దించాలి. బిగిసిన ముడిని విప్పేలోగా ఓడ ఒరిగిపోవచ్చు. అందరి ప్రాణాలూ పోవచ్చు. అందుచేతనే ప్రతి తాడుకూ నియతమైన స్థానం ఉండేది. అనుభవజ్ఞుడైన నావికుడు కటిక చీకటిలో సైతం చేతితో తడిమి, కావలసిన తాడును గుర్తించేవాడు.

‘గుణం’ అనే పదానికి మంచి లక్షణమనే అర్థం కూడా మనకు తెలుసు. గట్టిగా పట్టి ఉంచడం, సమయం వచ్చినప్పుడు వెంటనే విడవడం - ఈ రెండూ కలిగినదే ఓడకు పనికివచ్చే తాడు. ఆ రెండింటి విలువ ఎరిగినవాడు కనుకనే బౌరీ దృష్టి కలప దగ్గరే ఆగిపోలేదు.