కొబ్బరి మట్ట చారల కత్తి

కోనసీమలోని అప్పనపల్లిలో ఎంత లోతు తవ్వినా ఇనుపరాయి తగలదు. వైనతేయ నది తెచ్చిపోసిన ఒండ్రు తప్ప ఇక్కడ మరొకటి లేదు. ఈ లంకల కమ్మరి కొలిమికి చేరిన ఇనుమంతా ఎక్కణ్ణుంచో పడవెక్కో బండెక్కో వచ్చిందే. జావా దీవిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. వరి, కొబ్బరి కావలసినంత, మంచి ఇనుపరాయి మాత్రం తక్కువ. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ మన పాలకొల్లు వైపు నుంచి కూడా ఇనుమూ మేకులూ ఓడల్లో బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తరలించేది. అలా ఇనుముకు ముఖం వాచిన నేలే కెరిస్ అనే బాకును కన్నది. చేతికందిన కొద్దిపాటి లోహం మీద ఇంత పనితనం కుమ్మరించిన కమ్మరులు లోకంలో అరుదు.

దాని పుట్టుకకు కాగితాలు లేవు, రాళ్లూ రాగిరేకులూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ‘క్నౌడ్ కెరిస్’ అని ఒకటుంది. దాని మీద శక సంవత్సరం 1264 చెక్కి ఉంది, అంటే 1342. ఇనుప అలుగుకు పలచని రాగి తొడుగు, ఆ రాగి మీద రామాయణ ఘట్టాలు. 15వ శతాబ్దం మొదట్లో చైనా నౌకలతో వచ్చిన మా హువాన్, జావాలో మూడేళ్ల పసివాడి నుంచి పండుముసలి దాకా మొలలో కత్తి లేని మగవాడు కనబడడని రాసుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం మధ్య జావాలో, లవూ కొండ వాలున ఉన్న సుకుహ్ ఆలయంలోని శిల్పఫలకం. ఇదీ 15వ శతాబ్దానిదే. ఒక పక్క భీముడు కూర్చుని కత్తి సాగగొడుతున్నాడు. మరో పక్క అర్జునుడు కొలిమికి గాలి కొడుతున్నాడు. నడుమ వినాయకుడు నాట్యం చేస్తున్నాడు. పాండవులను కమ్మరి పనిలో పెట్టే ధైర్యం మన శిల్పులెవరికీ వచ్చినట్టు లేదు! అర్జునుడి చేతిలో ఉన్నది మన వైపు కనిపించే తోలుతిత్తి కాదు. నిలువుగా పాతిన రెండు గొట్టాలు, వాటిలో ఆడే రెండు కాడలు. ఒకటి లేస్తుంటే రెండోది దిగుతుంది, నిప్పుకు గాలి తెగదు. ఇనుమును ఇనుముతో అతకాలంటే వేడి ఒక్క క్షణం తగ్గినా అతుకు పట్టదు.

ఆ అతుకే కెరిస్‌కు ప్రాణం. దీన్ని చేసే కమ్మరిని జావాలో ‘ఎంపు’ అంటారు. మామూలు ఇనుప బద్దల మధ్య నికెల్ కలిసిన ఇనుప బద్ద పెట్టి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో ఒక్కటి చేస్తాడు. సాగదీసి మడుస్తాడు, మళ్లీ కాలుస్తాడు, మళ్లీ కొడతాడు. తాపేశ్వరం మడతకాజా చేసే చేతులకు ఈ లెక్క చెప్పనక్కరలేదు: మడత మడతకూ పొరలు రెట్టింపు, ఆరు మడతలకు ఒక్క పొర 64 అవుతుంది. చివర ఇలాంటి రెండు పలకల మధ్య ఉక్కు పలక ఇరికిస్తాడు. పదును ఉక్కుది, అందం పొరలది.

ఇంత చేసినా అప్పటికి ఆ అందం కంటికి కనబడదు. అలుగును నిమ్మరసంతో కడిగి, పాషాణం కలిపిన రసం పట్టిస్తారు. మామూలు ఇనుము నల్లబడుతుంది. నికెల్ ఉన్న పొర ఆ రసాయనానికి లొంగక వెండిలా మెరుస్తుంది. నలుపు మీద తేలే ఆ చారలను ‘పమోర్’ అంటారు. వాటిలో రకాలు లెక్కలేనన్ని, ప్రతిదానికీ పేరుంది. ఒలికిన బియ్యపు గింజల్లా ఉండేది ఒకటి. పొరలను పక్కకు తిప్పి, నిలువుగా నిలబెట్టి సాధించే కష్టమైన రకం ఒకటి. అలుగు నడిమి నుంచి రెండు పక్కలకూ ఏటవాలుగా ఈనెల్లా చీలే ఆ చారలకు వాళ్లు పెట్టుకున్న పేరు కొబ్బరి మట్టది. కోనసీమవాడికి దాన్ని ఎవరూ చూపించక్కరలేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. చారల కత్తి ఏది కనబడినా ‘డమాస్కస్’ అనేస్తారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పుట్టిన ఉక్కుకూ అలలున్నాయి, కెరిస్‌కూ ఉన్నాయి. పుట్టుక మాత్రం వేరు. కోనసముద్రం కమ్మరులు ఇనుమునూ కర్బనాన్నీ మట్టి మూసలో మూసేసి కరిగించి, మెల్లగా చల్లార్చేవారు. ఆ ముద్దలో కర్బనం 1.5 శాతం అటూ ఇటూ ఉండేది. చల్లారేటప్పుడు, తర్వాత తక్కువ వేడిలో సాగగొట్టేటప్పుడు లోపలి స్ఫటికాలు వాటంతటవే బారులు తీరేవి. రవ్వంత వెనేడియం ఉండటమే ఇందుకు కారణమని 1998లో పరిశోధకులు వెర్‌హోవెన్, పెండ్రే తేల్చారు. పారశీకులు చారల కత్తులకు వాడే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని ఫ్రెంచి యాత్రికుడు టావర్నియే రాశాడు. కోనసముద్రానికి పారశీక వర్తకులే వచ్చి సరుకు కొనుక్కుపోయేవారని 1832లో అచ్చయిన భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ వ్యాసం చెబుతుంది. మనదాంట్లో చారలు మూసలో మొదలవుతాయి, కెరిస్‌లో చారలు సమ్మెట కింద పుడతాయి. ఏది గొప్పది అంటే నా ఓటు కోనసముద్రానికే, కాని కంటికి ఇంపైనది కెరిస్.

కెరిస్‌లో ఉల్కల ఇనుము ఉంటుందన్న మాట అమ్మేవాళ్లకు మహా ఇష్టం. అందులో నిజం లేకపోలేదు. 18వ శతాబ్దం చివర ప్రంబానన్ ఉల్క ముక్కను సురకర్తా రాజభవనానికి తెచ్చి, కొంత రాచకత్తులకు వాడారు. అంతకు ముందు వచ్చిన వాటిలో మెరుపు ఎక్కువగా సులవేసి దీవిలోని లువు ఇనుముది, తర్వాతి కాలపు వాటిలో బజారులో కొన్న నికెల్‌ది.

కెరిస్ నరికే కత్తి కాదు, పొడిచే కత్తి. అలుగు మొదట్లో ఒక వైపు వెడల్పుగా ఉండి చేతిని కాస్తుంది. పిడి కాస్త వంగి, పిస్తోలులా అరచేతిలో ఇముడుతుంది. అలుగుకు వంపులుంటే అవి ఎప్పుడూ బేసి సంఖ్యలోనే. వంపుల్లేని అలుగు విశ్రమించిన నాగు, వంపులున్నది పాకే నాగు అంటారు.

తుపాకులొచ్చాక అది యుద్ధం మానేసి పెద్దరికం పుచ్చుకుంది. పెళ్లికొడుకు రాలేకపోతే అతని కెరిస్‌ను పీట మీద పెట్టి పెళ్లి కానిచ్చేవారు. కత్తికి బాసికం కట్టిన పెళ్లిళ్లు మన జమీందారీల్లోనూ విన్నవే. యునెస్కో 2005లో ఇండోనేషియా కెరిస్‌ను మానవాళి వారసత్వంగా ప్రకటించింది. డచ్చివారితో పోరాడిన జావా రాకుమారుడు దిపొనెగొరో కెరిస్‌ను నెదర్లాండ్స్ 2020లో తిరిగి ఇచ్చేసింది. మలేషియాలో పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో కొబ్బరి తోటలకు వలసపోయిన తెలుగువాళ్ల పిల్లలు, 1989 నుంచి 2005 దాకా చెలామణీలో ఉన్న ఒక రింగిట్ నాణెం మీద కెరిస్ బొమ్మను రోజూ చూశారు. కత్తి కొనలేనివాడికి సేకరణ మొదలుపెట్టడానికి ఆ నాణెం చాలు.

కొనగలిగినవాళ్లకు రెండు మాటలు. చారలు పైపైన ఆమ్లంతో గీసినవా, లోపలి నుంచి వచ్చినవా చూడండి. అసలైన పొర లోహం లోపలికి సాగుతుంది. అలుగు మరీ పలచబడితే అది తప్పు కాదు, వయసు. జావాలో ఏటా సురో నెలలో కెరిస్‌కు స్నానం చేయిస్తారు, ఆ నిమ్మరసపు పులుపు ప్రతిసారీ కాస్త ఇనుము తింటుంది. మన తేమలో, ఉప్పుగాలిలో తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి నూనె రాసి పొడిచోట ఉంచండి, గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి. మన దేశంలో నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సొంతంగా విదేశానికి పంపకూడదు. 9 అంగుళాలు దాటిన అలుగుకు 1959 ఆయుధ చట్టం నిబంధనలు కూడా చూసుకోవాలి. కెరిస్ అలుగు సాధారణంగా అంతకంటే పొడుగే.